రియోజి పతన తేదీ

మనిషి చెడిపోయేది ఏ క్షణంలో?

ఈ ప్రశ్నను నాకు నేను చాలా ఏళ్ళుగా వేసుకుంటున్నాను. దానివల్ల నాకు నష్టమేమీ కలగలేదు. పైగా కళాశాలలో దాని మీదనే పాఠాలు చెప్పి, శాలువా కప్పించుకుని పదవీ విరమణ చేశాను. తత్త్వశాస్త్రంలో ఉన్న సౌకర్యం అదే. జవాబు దొరకనంత కాలం ఉద్యోగానికి ఢోకా లేదు. కానీ ఒక ప్రభుత్వ మండలి ఇదే ప్రశ్నకు జవాబును తేదీతో సహా, నెలాఖరులోగా, సంతకం చేసి ఇమ్మని కోరినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది.

ఆ భయాన్నే గౌరవమనుకుని పొరబడి ఒప్పుకున్నాను.

సంస్థ పేరు బాలల ప్రసార నైతిక వర్గీకరణ మండలి. పిల్లల చానెల్లో వచ్చే బొమ్మల ధారావాహికలు తెలుగు మాట్లాడే ముందు ఆ మండలి అనుమతి పొందాలి. అక్కడ స్వర శుద్ధి నియమం అని ఒకటి ఉంది. గొంతులిచ్చే కళాకారులను రెండు పట్టికలుగా విడదీస్తారు: నాయక స్వరాలు, ప్రతినాయక స్వరాలు. ఒక పట్టికలోని గొంతు రెండోదానిలో వినిపించరాదు. నిన్న పాలు తాగమన్న గొంతే ఇవాళ ఊరు తగలబెడతానంటే పసిమనసులు ఏ మాట వినాలో తెలియక తికమకపడతాయని ఉద్దేశం. చదివినప్పుడు నాకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. తప్పులు నియమాల్లో కనిపించవు, వరండాల్లో కనిపిస్తాయి. ఆ సంగతి నాకు తరువాత తెలిసింది.

మండలి సంచాలకులు కరణం లోకనాథం గారు నన్ను తమ గదిలో కూర్చోబెట్టి, తలుపు వేసి, గొంతు తగ్గించారు.

“ఆచార్యా, విషయం సున్నితమైనది. రియోజి మనకు ద్రోహం చేశాడు.”

“రియోజి ఎవరండీ? మీ ఉద్యోగా?”

ఆయన నా వైపు జాలిగా చూశారు. రియోజి జపాను వారి బొమ్మల కథలో కథానాయకుడు. నది మీది ఒక వంతెనకు కాపలాదారు. అనాథ. చెల్లెలొక్కతే తోడు. శత్రువు ఎప్పుడు వచ్చినా వంతెన మీద నిలబడి, వెనకనున్న ఊరివాళ్ళతో “భయపడకండి, నేనున్నాను” అంటాడు. ఆ మాట మన రాష్ట్రంలో పిల్లలకు ఎంత ఇష్టమంటే, ఇంజెక్షను చేయించుకునే ముందు వాళ్ళే డాక్టరుకు చెబుతున్నారట.

“ఇప్పుడు జపాను పక్షం వారు మనల్ని ముందస్తుగా సంప్రదించకుండా, ఏకపక్షంగా, అతణ్ణి ప్రతినాయకుడిగా మార్చివేశారు,” అన్నారు లోకనాథం గారు. “మార్చడం వారి స్వేచ్ఛ. కానీ ఏ తేదీ నుంచి అమలులోకి వస్తుందో నిర్దేశించలేదు. ఉత్తరం రాశాం. ‘మెల్లమెల్లగా’ అని జవాబిచ్చారు. మెల్లమెల్లగా అనే తేదీ మన ప్రభుత్వ క్యాలెండరులో లేదు.”

“తేదీ దేనికండీ?”

“గొంతు మార్చడానికి. పతన తేదీ వరకు నాయక స్వరం, ఆపైన ప్రతినాయక స్వరం. తేదీ తేల్చడానికి పతన నిర్ణయ సంఘం వేశాం. అధ్యక్షులు తమరు. సంఘం తేల్చేవరకు యథాతథ స్థితి, అనగా పాత గొంతే కొనసాగుతుంది. అది బాలలకు ప్రమాదం.”

ఆ మధ్యాహ్నమే మండలి స్టూడియోలో పతన భాగాన్ని నాకు జపాను భాషలో చూపించారు. శత్రువు ఊరిని ముట్టడిస్తాడు. రియోజి వంతెన మీద పోరాడుతుండగా, ఊరివాళ్ళు ప్రాణభయంతో అతని చెల్లెల్ని శత్రువుకు అప్పగించి, కోట తలుపు వేసుకుంటారు. అతను తిరిగి వచ్చి తలుపు తడతాడు. ఎవరూ తీయరు. చాలాసేపు అక్కడే నిలబడతాడు. తరువాత బయటినుంచి తనూ ఒక గడియ పెడతాడు. కాగడా అందుకుంటాడు. లోపల పిల్లల ఏడుపు వినిపిస్తుంది. అప్పుడతను తలుపుకు నోరానించి, ఎప్పుడూ అన్నట్టే అంటాడు: “భయపడకండి. నేనున్నాను.”

నేను కళ్ళద్దాలు తుడుచుకున్నాను. పక్కన కూర్చున్న న్యాయ సలహాదారు వసుంధర గారు, “కాగడాకు అగ్నిమాపక శాఖ హెచ్చరిక వెయ్యాలి” అని రాసుకున్నారు.

గది బయట వరండాలో బల్ల మీద ఒకావిడ టీ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టింది.

“మాస్టారూ, నా పేరు జమ్మి హైమావతి. రియోజిని నేనేనండి.”

మగపిల్లల గొంతులు ఆడవాళ్ళిస్తారని నాకు తెలియదు. నా మొహం చూసి ఆమె నవ్వి, “భయపడకండి, నేనున్నాను” అంది. ఎదురుగా ఉన్నది తెనాలి నాటక సమాజంలో పెరిగిన మనిషి. వినిపించింది నది ఒడ్డున నిలబడ్డ కుర్రవాడు.

“చూశారు కదండీ, ఆ భాగం? నాటకాల్లో నాకు ఎప్పుడూ చెలికత్తె వేషాలే ఇచ్చారు. పళ్ళెం పట్టుకు నిలబడ్డమే. ఈ బొమ్మల్లోకొచ్చాక ఇన్నేళ్ళూ అరుపులే. వాడు మంచివాడుగా ఉన్నన్నాళ్ళూ నాకు పనేముందండీ, గొంతు చించుకోవడం తప్ప? జన్మకొక్కసారి పడిపోయే వేషం వచ్చింది. ఇప్పుడొచ్చి నువ్వు పక్కకి తప్పుకో, వేరేవాడు పడతాడంటున్నారు.”

“గొంతు మారితే పిల్లలకు తేలిగ్గా అర్థమవుతుందని వారి ఉద్దేశం.”

“ఏం అర్థమవుతుందండీ? వీడెవడో వేరేవాడు, మన రియోజి అలాంటివాడు కాదు అని. అదేగా? ఆ మాట అదే గొంతుతో అనకపోతే ఇంక వాడు పడ్డట్టెలా అవుతుంది, మాస్టారూ? మనిషిని మార్చినట్టవుతుంది గానీ!”

నా ఉపన్యాసాలన్నిటిలోనూ ఇంత సూటి వాక్యం ఒక్కటి లేదు. “మీ పక్షాన నేనుంటాను,” అన్నాను. ఆ రోజు అది నిజం. గమనించవలసిన విషయమేమిటంటే, ఆ రోజు నేను నాయకుణ్ణి.

మొదటి సమావేశంలో నేను, తలుపుకు కాగడా అంటించిన క్షణమే పతన తేదీ అన్నాను. అంతటితో నోరు మూసుకుని ఉంటే తలుపు దగ్గరి ఆ ఆఖరి మాటనైనా, కాగడా ముందటి దృశ్యాలనైనా హైమావతి గారికి మిగిల్చేవాణ్ణి. కానీ లోకనాథం గారు వినయంగా, “కాగడా అంటించడం పతనమా, పతన ఫలితమా? తమరు తాత్త్వికులు, సెలవియ్యాలి” అన్నారు.

సెలవియ్యమని నన్ను అడిగి చాలా కాలమైంది. సెలవిచ్చాను. కర్మకు ముందు సంకల్పముంటుందన్నాను. కనుక పతనం గడియ పెట్టినప్పుడే. సంకల్పానికి ముందు కోపముంటుందన్నాను. కనుక తలుపు తీయనప్పుడే. కోపానికి ముందు అహంకారం. ‘నేనున్నాను’ అన్న మాటలో ‘నేను’ ఉంది కదా! సభ్యులు తలలూపుతుంటే నేను ఒక్కొక్క భాగమే వెనక్కి నడిచాను. వెనక్కి తోసింది మండలి కాదు, నేనే. చివరికి మొట్టమొదటి భాగం చేరాను. అందులో అయిదేళ్ళ రియోజి ఆకలితో పొరుగింటి చెట్టు మీది జామపండు అడక్కుండా కోసుకుంటాడు.

“అపహరణ!” అన్నారు లోకనాథం గారు, పోయిన వస్తువు దొరికినంత సంతోషంగా.

అది జామపండు కాదని, జపాను వారి పండేదో పిల్లలకు తెలియదని తెలుగులో జామ చేశామని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. చిత్రంలో పండు నారింజ రంగులో ఉన్న మాట నిజం. “రంగు ఏదైనా పరాయి సొత్తు పరాయి సొత్తే” అని వసుంధర గారు తీర్పు చెప్పారు.

పతన బీజం ఆ పండులో ఉందని సంఘం ఏకగ్రీవంగా అంగీకరించింది. నా వాదపటిమకు చప్పట్లు కొట్టారు. ఇంటికి వెళ్ళేటప్పుడు కారు ఇచ్చారు.

రెండో సమావేశంలో వసుంధర గారు ఒక చిక్కు తెచ్చారు. “స్వర శుద్ధి నియమం ప్రకారం, పతితుడు పతన తేదీ తరువాత చేసినవి, పలికినవి, సంతకం పెట్టినవి ఏవీ చెల్లవు.”

“అయితే?”

“రియోజి గొంతుతో మనం ఒక ఆరోగ్య ప్రకటన వేశాం. ‘భయపడకండి, నేనున్నాను. అన్నానికి ముందు చేతులు కడుక్కోండి.’ అది జామపండు తరువాతిది. చెల్లదు.”

లోకనాథం గారు నుదుటి చెమట తుడుచుకున్నారు. “రాష్ట్రంలోని బాలలందరూ ఒక పతితుడి ప్రేరణతో చేతులు కడుక్కున్నారా!”

“చట్టం దృష్టిలో అవి కడగని చేతులే.”

మళ్ళీ కడుక్కోమని చెప్పాలి. చెప్పడానికి మరో నాయకుడు కావాలి. ఈసారి ముందుగానే బీజపరీక్ష చేయించాలని తీర్మానించారు. పరీక్షా పద్ధతి నాదే కాబట్టి పరీక్షకుణ్ణి కూడా నేనే. చానెల్లోని నాయకులందరినీ ఒక్కొక్కరినే పిలిపించి, అంటే చిత్రాలు వేయించి, చూశాను. దొంగలను పట్టే ఉడుత అనుమతి లేకుండా పరుల ఇళ్ళలో దూరుతోంది. ఎగిరే అమ్మాయి బడి ఎగ్గొట్టి లోకాన్ని కాపాడుతోంది. వంటలు చేసే ఎలుగుబంటి తేనె ఎక్కడనుంచి తెస్తోందో చెప్పలేదు. అందరూ రెండో పట్టికలోకి వెళ్ళారు. చివరికి మిగిలింది ఒక తాబేలు. అది ప్రతి భాగంలోనూ ఒక రాతి మీద నిద్రపోతుంది. దానికి మాటలు లేవు. అంచేత దోషాలూ లేవు.

కొత్త ప్రకటన తాబేలుతో తీశారు. కుళాయి ముందు తాబేలు నిద్రపోతూ ఉంటుంది. అంతే. “అత్యంత సంయమనంతో కూడిన సందేశం” అని మండలి ప్రశంసించింది. పిల్లలు దాన్ని చూసి కుళాయి ముందు పడుకుంటున్నారని ఒక తల్లి ఫోన్ చేస్తే, సందేశం చేరుతున్నదనడానికి నిదర్శనంగా లోకనాథం గారు దాన్ని నమోదు చేయించారు.

నేను నవ్వుకోలేదు. ఆ మాటే నాకిప్పుడు వింతగా ఉంది. అప్పటికి నాకొక సంగతి తెలిసి ఉంది. నా ఉపన్యాసాలు ‘పతన మీమాంస’ పేరుతో అచ్చువేయిద్దామని చాలా ఏళ్ళు ప్రచురణకర్తల గడపలు తొక్కాను. ఒకాయన తూకం వేసి చూసి, కాగితం బాగుందన్నాడు. లోకనాథం గారు ఆ రాతప్రతిని మండలి తరఫున ప్రచురిస్తామన్నారు. “సంఘం నివేదిక మీద సంతకాలైన వెంటనే,” అని కూడా అన్నారు. కాబట్టి నాకూ ఒక గతకథ ఉంది. తిరస్కరణ, అవమానం, ఒంటరితనం. జపాను వారికి చెబితే నా మీద రెండు భాగాలు తీసి, వెనకాల వేణువు ఊదిస్తారు. చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. ఆ వేణువు నాకు అప్పుడే వినిపించింది కూడా.

మంగళవారం నాడు స్టూడియో వరండాలో హైమావతి గారు ఎదురయ్యారు. జామపండు విషయం ఆమె దాకా వచ్చినట్టుంది.

“మాస్టారూ, మొదటినుంచీ వాడు చెడ్డవాడేనని రాస్తున్నారటగా? అంటే నేనిన్నాళ్ళూ మాట్లాడిందంతా వేరేవాళ్ళ చేత మళ్ళీ చెప్పిస్తారా? నా ఆఖరి మాట సంగతేమైందండీ?”

నివేదిక నా చేతిసంచీలోనే ఉంది. అందులో ఏముందో నాకు తెలుసు. రాసింది నేనే.

“పరిశీలనలో ఉందమ్మా,” అన్నాను.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. “అలాగేనండి,” అని పక్కకు జరిగి దారి ఇచ్చింది. గురువారం నేను సంతకం పెట్టాను. శుక్రవారం నా పుస్తకం అట్ట నమూనా వచ్చింది. నీలిరంగు మీద నా పేరు పసుపు అక్షరాల్లో. బాగుంది.

సోమవారం ఉదయం స్టూడియోలో పతన భాగానికి తెలుగు చెప్పించే పని పెట్టుకున్నారు. అధ్యక్షుడి హోదాలో నన్నూ రమ్మన్నారు. వరండాలో అదే బల్ల మీద హైమావతి గారు ఫ్లాస్కుతో కూర్చుని ఉన్నారు. ఈవిడెందుకు వచ్చిందా అనుకున్నాను. లోపలికి వెళ్ళాక తెలిసింది. ఆమెను రమ్మని బతిమాలింది కొత్త రియోజి ఉప్పులూరి కామేశం.

కామేశం ప్రతినాయక పట్టికలో పెద్దవాడు. రాక్షసులు, మంత్రగాళ్ళు, నల్ల డ్రాగన్లు అన్నీ ఆయనే. మనిషి మాత్రం మెత్తన. అద్దం అవతలి గదిలో చెవులకు యంత్రం తగిలించుకుని, మెడలో మఫ్లరుతో, పరీక్షకు కూర్చున్న విద్యార్థిలా ఉన్నాడు. అలవాటు పడేందుకు ముందు మొదటి భాగంలోని చిన్న ముక్క ఒకటి చెప్పించారు. తెర మీద అయిదేళ్ళ పసివాడు చెట్టుకేసి చూస్తూ నోరు తెరిచాడు.

“ఆకలేస్తోంది,” అని పాతాళంలోంచి వినిపించింది. వెంటనే వికటాట్టహాసం.

“నవ్వెందుకయ్యా?” అన్నాను మైకులో.

“మా పట్టికవాళ్ళకి ప్రతి మాట వెనకా నవ్వు తప్పనిసరి కదండీ. నియమావళిలో ఉంది.” కామేశం నొచ్చుకున్నాడు. “చిన్నపిల్లాడని కాస్త తగ్గించే నవ్వానండి.”

లోకనాథం గారు సంతృప్తిగా, “బీజదశలోనే స్పష్టత వచ్చింది” అన్నారు.

తరువాత పతన భాగం. తెర మీద రియోజి తలుపు తట్టాడు. ఎవరూ తీయలేదు. గడియ పెట్టాడు. కాగడా అందుకుని తలుపుకు నోరానించాడు. కామేశం గట్టిగా ఊపిరి తీసుకున్నాడు.

“భయపడకండి! నేనున్నాను! హహ్హహ్హహ్హ!”

కోట లోపల పిల్లలు ఏడుస్తూనే ఉన్నారు. కానీ నాకు ఏమీ అనిపించలేదు. ఒక రాక్షసుడు రాక్షసుడి పని చేశాడు. ఇంటికి వెళ్ళి హాయిగా అన్నం తినవచ్చు. ఆ హాయి ఎక్కడో తెలిసినట్టనిపించింది. శుక్రవారం అట్ట చూసుకున్నప్పుడు కలిగింది అదే. చెడ్డపని చేసేవాడి గొంతు వేరుగా ఉంటుందని నేనూ నమ్మాను. మంగళవారం నాడు నా నోటినుంచి ఏ వికటాట్టహాసమూ రాలేదు. మామూలుగా, మర్యాదగా, ‘అమ్మా’ అని కూడా కలిపి చెప్పాను.

కామేశం మఫ్లరు విప్పి అద్దానికి దగ్గరగా వచ్చాడు. “సార్, నా వల్ల కావట్లేదండి. ఈ మాట అక్కయ్యది. నేను పలికితే కొత్తగా ఉంది. పడ్డవాడు మెత్తగా పడాలి. నేను పైనుంచి దూకుతున్నానండి.”

“నియమం నియమమే,” అన్నారు లోకనాథం గారు. “మరొక్కసారి. నవ్వు నిడివి పెంచి.”

చాలా ఏళ్ళ నా ప్రశ్నకు జవాబు ఆ క్షణాన దొరికింది. దానికి వారం, స్థలం కూడా ఉన్నాయి. మండలికి కావలసిన నమూనాలోనే ఉంది.

మీట నొక్కి, “ఆపండి” అన్నాను.

సంచీలోంచి నా పుస్తకం అట్ట నమూనా తీశాను. వెనకవైపు తెల్లగా ఉంది. దాని మీద ఇలా రాశాను: ‘పతన నిర్ణయ సంఘాధ్యక్షుడు గత మంగళవారం నాడు, స్టూడియో వరండాలో, జవాబు తెలిసి ఉండి కూడా “పరిశీలనలో ఉంది” అని చెప్పిన నిమిషంలో పతితుడయ్యాడు. పతితుడు ఆపైన పెట్టిన సంతకాలు చెల్లవు కనుక గురువారం నాటి నివేదిక చెల్లదు.’ కింద సంతకం చేసి లోకనాథం గారికి అందించాను.

ఆయన రెండుసార్లు చదివి, అట్ట తిప్పి నా పేరు చూసి, మళ్ళీ తిప్పారు. “ఆచార్యా! తమరే స్వయంగా... అయినా పతితుడి ప్రకటన కూడా చెల్లదు కదా! వసుంధర గారూ?”

వసుంధర గారు కళ్ళద్దాలు తీశారు. “ప్రకటన చెల్లకపోతే ఆయన పతితుడు కాడు. కాకపోతే ప్రకటన చెల్లుతుంది. చెల్లితే పతితుడు.”

“తేల్చేదెలా?”

“సంఘం వెయ్యాలి.”

లోకనాథం గారి ముఖంలో వెలుగు వచ్చింది. “అంతవరకు?”

“యథాతథ స్థితి. పాత గొంతే.”

“అధ్యక్షులుగా...” అని ఆయన అలవాటుగా నా వైపు చూసి, తడబడి, కామేశం వైపు చూశారు. కామేశం అప్పటికే చెవులకున్న యంత్రం తీసి, మఫ్లరుతో తుడుస్తున్నాడు.

“అచ్చు సంగతి మరి?” అన్నారు లోకనాథం గారు అట్ట ఊపుతూ.

“అట్ట మీ దగ్గరే ఉండనివ్వండి. లోపల రాసినదానికన్నా వెనకాల రాసిందే నయం.”

నేను వెళ్ళి తలుపు తీశాను.

“హైమావతి గారూ, లోపలికి రండి. నేను పడిపోయాను.”

ఆమె ఫ్లాస్కు పక్కన పెట్టి లేచింది. “మంగళవారం కదండీ?”

“మీకెలా తెలుసు? గొంతేమైనా మారిందా?”

“లేదు మాస్టారూ. ఏమీ మారలేదు. అందుకే తెలిసింది.”

ఆమె కొంగు నడుముకు దోపుకుని లోపలికి నడిచింది. నేను తలుపు మూసి, ఆమె లేచిన బల్ల మీద కూర్చున్నాను. నా తల పైన, రికార్డింగు మొదలైందని చెప్పే ఎర్రదీపం వెలిగింది.